పాతికేళ్లు నిలవాలంటే ఏ డిస్కు కొనాలి?

ప్రశ్న: నేను నరసన్నపేట దగ్గర పనిచేసి రిటైరైన తెలుగు మాస్టారిని. 1990ల నుంచి చుట్టుపక్కల ఊళ్లలో తప్పెటగుళ్లు, జముకుల కథ, తూర్పు భాగవతం, ఊడుపు పాటలు మొదట క్యాసెట్ల మీద, తర్వాత మినీ డీవీ కెమెరాతో రికార్డు చేసుకున్నాను. 140 క్యాసెట్లను టౌన్లో ఒక షాపులో ఎంపీ3 చేయించాను. గంటేసి నిడివి ఉన్న 60 వీడియో టేపులు కంప్యూటర్లోకి ఎక్కించాం. స్కాన్ చేసిన ఫొటోలు, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టించిన పాటల ప్రతులు కూడా ఉన్నాయి. మొత్తం 850 జీబీ దాకా ఒకే 2 టీబీ హార్డ్ డిస్కులో ఉంది. 2009లో కొంత డీవీడీల్లో రాయించాను గానీ ఇప్పుడు వాటిలో సగం తెరుచుకోవడం లేదు. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి ఎస్‌ఎస్‌డీ కొనమంటాడు. కంప్యూటర్ షాపాయన వెయ్యేళ్లుండే డిస్కు వచ్చిందంటాడు. ఇంకొకరు గూగుల్లో పెట్టేయమన్నారు. పాతికేళ్లు బెంగ లేకుండా ఉండాలంటే వీటిలో ఏదొక్కటి కొనాలి?

జవాబు: మాస్టారూ, పాతికేళ్లు పెట్టెలో పెట్టి మరిచిపోగల వస్తువు మీరు చెప్పిన మూడింటిలోనూ లేదు, బజారులో మరెక్కడా లేదు. అందుకని 'ఏదొక్కటి' అన్న మాట పక్కన పెట్టండి. మీ సరుకుకు నేను చెప్పే ఏర్పాటు ఇది: మూడు మామూలు హార్డ్ డిస్కులు, వాటిలో ఒకటి మీ అబ్బాయి దగ్గర. పాటలు, వాటి ప్రతుల వరకు బ్లూరే డిస్కుల (డీవీడీ లాంటివే, ఎక్కువ పట్టేవి) మీద రెండు సెట్లు. అవే పాటలు క్లౌడ్‌లో, అంటే గూగుల్ వంటివాళ్ల ఇంటర్నెట్ నిల్వలో, మరో నకలు. ఏడాదికి రెండుసార్లు తనిఖీ. షాపాయన చెప్పే డిస్కుకు ఇందులో చోటుంది గానీ, దాని మీదే భారమంతా వేయకూడదు.

ముందు ఆ ఒక్క హార్డ్ డిస్కు సంగతి చూడాలి. ఇప్పుడు దానికి నకలు లేదు. కొత్త డిస్కు ఇంటికొచ్చేదాకా దాన్ని ఊరికే తగిలించి పాటలు వినకండి. తగిలించినప్పుడు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం తెరిచి చూడండి. అందులో 05, సీ5, సీ6 అనే మూడు వరసలుంటాయి. మూడింటి ముడి విలువా సున్నా అయితే డిస్కు ప్రస్తుతానికి బాగుందనుకోవచ్చు. 05 అంటే పాడైన చోట్ల బదులు వేరే చోట్లు కేటాయించిన లెక్క. సీ5 అంటే చదవడానికి మొరాయిస్తూ, ఇంకా ఏ సంగతీ తేలని చోట్ల లెక్క. సీ6 అంటే ఎంత ప్రయత్నించినా దిద్దుకోలేకపోయిన చోట్ల లెక్క. సీ5లో అంకె ఉందంటే కొన్ని ఫైళ్లు ఇప్పటికే చేజారుతున్నాయని అర్థం. అలాంటప్పుడు విండోస్ ఇచ్చే డిస్కు రిపేరు, డీఫ్రాగ్, యాంటీవైరస్ పూర్తి స్కాన్ ఏవీ నడపకండి. ఉన్న కాస్త ఓపికా వాటికే ఖర్చయిపోతుంది. పాటలు, ప్రతులు, ఫొటోలు, చివరికి వీడియోలు, ఈ వరసలో నేరుగా కాపీ చేసుకోండి. టక్ టక్‌మని చప్పుడు వస్తే వెంటనే తీగ పీకేసి డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి పంపడమే మార్గం. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందని ఎవరైనా చెబితే వినకండి. తీసిన వెంటనే లోపల తేమ పట్టి ఉన్నది కూడా పోతుంది.

తెరుచుకోని డీవీడీలను పారేయకండి. వేరే కంపెనీ డ్రైవులో ఒకసారి, ఇంకా పాత డ్రైవులో ఒకసారి పెట్టి చూడండి. ఒకదానికి దొరకనిది ఇంకొకదానికి దొరకడం మామూలే. కింది వైపు బూజు మచ్చలుంటే డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి. గుండ్రంగా తిప్పి తుడిస్తే గీత ట్రాక్ వెంబడే పడుతుంది, దాన్ని దిద్దుకోవడం డ్రైవుకు కష్టం. ఆ డిస్కుల్లో సమాచారం నిలిచేది ఒక సేంద్రియ రంగు పొర మీద. వేడికి, వెలుగుకు, తేమకు ఆ రంగు మెల్లగా మారిపోతుంది. చవక డిస్కుల్లో అంచు దగ్గర అతుకు ఊడి గాలి లోపలికి పోవడం ఇంకో రోగం. రాసేటప్పుడు మధ్య నుంచి అంచుకు రాస్తారు కాబట్టి అంచు దెబ్బతిన్న డిస్కులో మొదటి ఫైళ్లు బాగుండి చివరివి పోతాయి. కాబట్టి 'డిస్కు పోయింది' అని వదిలేయకుండా ఫైలు ఫైలుగా కాపీ చేసుకోండి.

ఇక మీ అబ్బాయి చెప్పిన ఎస్‌ఎస్‌డీ. కిందపడినా ఏమీ కాదు, వేగం ఎక్కువ, కాబట్టి రోజూ పనిచేసుకోవడానికి మంచిదే. బీరువాలో పెట్టి మరిచిపోవడానికి మాత్రం కాదు. అందులో సమాచారమంటే సన్నటి అరల్లో బంధించిన విద్యుదావేశం. కరెంటు లేకుండా ఉంచితే అది కొద్దికొద్దిగా కారిపోతుంది, వేడి పెరిగే కొద్దీ ఇంకా తొందరగా. 'ఏడాది కరెంటు ఇవ్వకపోతే ఎస్‌ఎస్‌డీ ఖాళీ అయిపోతుంది' అనే మాట వినే ఉంటారు. అది సగం నిజం. జెడెక్ అనే ప్రమాణాల సంస్థ పెట్టిన లెక్క ప్రకారం, ఇళ్లలో వాడే ఎస్‌ఎస్‌డీ, రాతల పరిమితి మొత్తం వాడేసి అరిగిపోయాక కూడా, 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా కనీసం ఏడాది నిలవాలి. కొత్తది అంతకంటే చాలా ఎక్కువ కాలమే ఉంటుంది. కాకపోతే మే నెలలో మన శ్లాబు ఇళ్లలో 30 డిగ్రీలు ఎక్కడివి? పైగా హార్డ్ డిస్కు పోయే ముందు చప్పుడు చేస్తుంది, నెమ్మదిస్తుంది, అంకెల్లో సూచన ఇస్తుంది. ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు ఏ సూచనా లేకుండా కంట్రోలర్ చిప్పుతో సహా పోతుంది. అప్పుడు రికవరీ వాళ్లు కూడా చేయగలిగింది తక్కువ. పెన్‌డ్రైవు, మెమరీ కార్డు ఇదే జాతిలో ఇంకా తక్కువ రకం. పాటలు చేరవేయడానికి వాడండి, దాచడానికి కాదు.

వెయ్యేళ్ల డిస్కు అంటే ఎం-డిస్క్. మామూలు డీవీడీలోని రంగు పొర బదులు ఇందులో రాయి లాంటి గట్టి అకర్బన పొర ఉంటుంది. లేజరు దానిలో నిజంగానే గుంట పెడుతుంది. ఎండకు, తేమకు ఇది డీవీడీ కంటే బాగా తట్టుకుంటుంది, ఆ మాట నిజమే. వెయ్యేళ్లన్నది మాత్రం ఎక్కువ వేడి, తేమల్లో కొద్దికాలం ఉంచి, ఆ ఫలితాన్ని సాగదీసి కంపెనీ వేసుకున్న లెక్క. దాన్ని తయారుచేసిన మిలెనియాటా కంపెనీ 2016లోనే దివాలా తీసింది! డిస్కులు వేరే పేర్ల మీద ఇంకా వస్తున్నాయి. మీరు భయపడాల్సింది డిస్కు గురించి కాదు, దాన్ని చదివే డ్రైవు గురించి. ల్యాప్‌టాప్‌లలో డిస్కు డ్రైవు పెట్టడం ఎప్పుడో మానేశారు. సోనీ 2025 ఫిబ్రవరితో రాసుకునే బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది, మీ కెమెరాలో వాడిన మినీ డీవీ క్యాసెట్ల తయారీ కూడా దాంతో పాటే.

అయినా పాటల వరకు దీన్ని వాడమంటాను, ఒకే కారణం వల్ల: ఒకసారి రాశాక దాన్ని మార్చలేరు, చెరపలేరు. పొరపాటున డిలీట్ కొట్టడం, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్ రావడం, పిడుగుకు కంప్యూటరుతో పాటు తగిలించి ఉన్న హార్డ్ డిస్కులన్నీ కాలిపోవడం, ఇవేవీ డబ్బాలో ఉన్న డిస్కును తాకలేవు. కొనేటప్పుడు ఎం-డిస్క్‌లోనే 25 జీబీ బ్లూరే రకం తీసుకోండి. 100 జీబీవి కూడా వస్తాయి గానీ వాటికి ప్రత్యేకంగా ఆ రకం రాయగల డ్రైవు కావాలి, ఒక్కటి పాడైతే పోయేది నాలుగింతలు. ఎం-డిస్క్ దొరక్కపోతే మంచి కంపెనీ మామూలు బ్లూరే అయినా పర్వాలేదు, దానిలోనూ అకర్బన పొరే ఉంటుంది. అట్ట మీద 'ఎల్‌టీహెచ్' అని ఉంటే మాత్రం వద్దు, అది మళ్లీ పాత డీవీడీ రంగు బాపతే. 25 జీబీ డిస్కులో 22 జీబీ వేసి ఆపండి, అంచు ఖాళీగా ఉండనివ్వండి. వేగం 4ఎక్స్‌కు మించవద్దు, డిస్కుకు అరగంట పడుతుంది. రాయడం అయ్యాక 'వెరిఫై' తప్పకుండా పెట్టండి. ఫైల్ సిస్టం యూడీఎఫ్ ఎంచుకోండి, పాత జోలియట్ పద్ధతిలో పేరు 64 గుర్తులు దాటితే కత్తిరిస్తుంది. తెలుగులో ఒక్కో అక్షరానికి రెండు మూడు గుర్తులు పడతాయి కాబట్టి ఆ హద్దు ఇట్టే వచ్చేస్తుంది. డిస్కు మీద స్టిక్కర్ అంటించకండి, బాల్‌పెన్నుతో రాయకండి. మధ్య కన్నం చుట్టూ ఉన్న పారదర్శకమైన వలయం మీద నీటి ఆధారిత మార్కరుతో నంబరు వేస్తే చాలు. రాసే డ్రైవు యూఎస్‌బీతో తగిలించే బయటి రకం ఒకటి, వీలైతే అలాంటిదే ఇంకొకటి విప్పకుండా దాచండి.

మాగ్నెటిక్ టేపు గురించి ఎవరైనా చెప్పవచ్చు. పెద్ద ఆర్కైవుల్లో చాలా వరకు ఎల్‌టీఓ అనే రకం టేపే వాడతాయి, 30 ఏళ్ల మన్నిక మాట అక్కడ నిజం. కానీ డ్రైవు ఖరీదు లక్షల్లో ఉంటుంది, టేపుకు ఏడాది పొడుగునా చల్లటి పొడి గది కావాలి. ఒక టెరాబైటు కోసం ఆ దారి వద్దు.

క్లౌడ్‌కు రెండు ఇబ్బందులు. ఒకటి ఎక్కించే వేగం. మీ ఇంటి ఫైబర్ కనెక్షన్‌కు అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ ఉందనుకుంటే 100 జీబీకి పదకొండు గంటలు పడుతుంది, అదే ఒక టెరాబైటుకు నాలుగున్నర రోజులు ఆగకుండా నడవాలి. అందుకే వీడియోలు వదిలేసి పాటలు, ప్రతులే పెట్టమంటున్నాను. రెండోది ఖాతా. కార్డు గడువు తీరి నెలసరి చెల్లింపు ఆగినా, పాస్‌వర్డు తెలిసిన మనిషి లేకపోయినా అంతే సంగతులు. రెండేళ్లపాటు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానం 2023 నుంచి గూగుల్‌లో ఉంది. ఖాతా సెట్టింగులలో 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్' అని ఉంటుంది, అందులో మీ అబ్బాయి ఈమెయిల్ ఇవ్వండి. కంప్యూటర్లోని ఫోల్డరుకు అద్దంలా నడిచే 'సింక్' పెట్టుకుని బ్యాకప్ అనుకోకండి. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిపేస్తుంది. బ్రౌజరులోంచి ఫోల్డర్లుగా ఎక్కించి వదిలేయడం మేలు.

అసలు బరువు మోసేవి హార్డ్ డిస్కులే. 2 టీబీవి మూడు కావాలి. ఇప్పటిది ఐదేళ్లు దాటి ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోకుండా మూడూ కొత్తవే కొనండి, పాతది అదనపు నకలుగా పడి ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద హార్డ్ డిస్కులు తయారుచేసేవి సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా మూడే. మూడు కంపెనీలవి ఒక్కొక్కటి తీసుకోండి. ఒకే షాపులో ఒకే పెట్టెలోంచి మూడు తీస్తే ఒకే లోపం మూడింటికీ ఉండొచ్చు, ఒకే ఏడాది మూడూ పోవచ్చు. చిన్న పోర్టబుల్ డిస్కులకు వేరే అడాప్టర్ అక్కర్లేదు, మీకు అవే సుఖం. ఒక చిక్కు తెలిసి ఉండాలి: ఇలాంటి చాలా డిస్కుల్లో ట్రాకులను ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి రాస్తారు. పెద్ద కాపీ మొదట్లో 100 ఎంబీ వేగంతో పోయి మధ్యలో 20, 30కి పడిపోతుంది. పాడైందని కంగారుపడి తీగ లాగొద్దు, దాని పద్ధతే అంత. ఇంకొన్నింటిలో యూఎస్‌బీ సాకెట్ డిస్కు బోర్డుకే అతికించి ఉంటుంది, సాకెట్ వదులైతే లోపలి డిస్కు తీసి వేరే పెట్టెలో వేసుకునే వీలుండదు. కాబట్టి తీగ పెట్టేటప్పుడు, తీసేటప్పుడు నెమ్మది.

కొన్న రోజే ఫార్మాట్ చేయండి. విండోస్‌లో 'క్విక్ ఫార్మాట్' ముందున్న టిక్కు తీసేసి, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఎంచుకోండి. ఎక్స్‌ఫ్యాట్ అయితే టీవీలో కూడా ఆడుతుంది గానీ, రాస్తుండగా కరెంటు పోతే ఫోల్డర్ల పట్టికే చెడే ప్రమాదం దానికి ఎక్కువ. పూర్తి ఫార్మాట్‌కు 2 టీబీకి ఐదారు గంటలు పడుతుంది, అంతసేపూ డిస్కులోని ప్రతి చోటా రాసి చూస్తుంది. అయ్యాక మళ్లీ 05, సీ5, సీ6 చూడండి. సున్నా కాకపోతే తిరిగి ఇచ్చే గడువు ఉండగానే షాపుకు పట్టుకెళ్లండి. కొత్తది కదా, తర్వాత చూద్దామనుకున్న డిస్కే ఏడాది తిరక్కుండా ఏడిపిస్తుంది. ఈ పనులన్నీ డెస్క్‌టాప్ మీద కంటే బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ మీద చేయండి. డెస్క్‌టాపే గతి అంటే యూపీఎస్ ఉండాలి. మన వైపు కరెంటు పోవడం కంటే తిరిగొచ్చేటప్పుడు వచ్చే ఎగుడుదిగుడు వోల్టేజీయే ఎక్కువ చేటు. ఉరుములు మొదలైతే పని ఆపి, ప్లగ్గుతో పాటు ఇంటర్నెట్ తీగ కూడా తీసేయండి.

కాపీ చేయడం దగ్గరే చాలామంది మోసపోతారు. విండోస్‌లో మామూలుగా కాపీ పేస్ట్ చేస్తే, రాసింది సరిగ్గా పడిందో లేదో అది తిరిగి చదివి చూడదు. టెరాకాపీ వంటి ప్రోగ్రాంలో 'వెరిఫై' పెడితే రెండు వైపులా చదివి పోల్చుతుంది. సమయం రెట్టింపవుతుంది, కానివ్వండి. అంతకంటే ముఖ్యమైనది చెక్‌సమ్ జాబితా. ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కతో 64 గుర్తుల వేలిముద్ర లాంటిది వస్తుంది. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ వరస పూర్తిగా మారిపోతుంది. టెరాకాపీలోనే ఈ జాబితా సేవ్ చేసుకోవచ్చు. దాన్ని ప్రతి డిస్కులోనూ ఉంచండి. ఐదేళ్ల తర్వాత ఒక పాట మధ్యలో గరగరమంటే, అది క్యాసెట్‌లోనే ఉన్న చప్పుడా, డిస్కులో చెడిందా అన్నది ఈ జాబితా లేకుండా ఎవరూ చెప్పలేరు. చెడిందని తేలితే మిగిలిన రెండు డిస్కుల్లో వేలిముద్ర సరిపోయిన దాన్నుంచి మళ్లీ తెచ్చుకుంటారు. జాబితా లేకపోతే చెడిన ఫైలునే బాగున్న దాని మీద రాసేసుకునే ప్రమాదం కూడా ఉంది.

మూడు డిస్కులకూ పేర్లు పెట్టండి, క, ఖ, గ అనుకుందాం. 'క' మీ బల్ల మీద, కొత్తవి చేరేది దీనిలోనే. 'ఖ' మీ ఇంట్లోనే పొడి డబ్బాలో. 'గ' హైదరాబాదులో. శ్రీకాకుళంలో చుట్టాలింట్లోనో, విశాఖలోనో పెడితే సరిపోదా అంటే, తీరాన్ని బట్టి ఆలోచించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు కూడా నష్టపోయాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటినప్పుడు ఉద్దానంలో కరెంటు రావడానికే రోజులు పట్టింది. ఒకే గాలి రెండు నకళ్ల మీదికీ రాకుండా ఉండాలంటే తీరం వదిలి వెళ్లాలి.

ఏటా సంక్రాంతికి మీ అబ్బాయి వస్తాడు కదా. వచ్చేటప్పుడు 'గ' తెస్తాడు. దానికి వారం ముందే మీరు 'క'లో కొత్తగా చేరినవన్నీ 'ఖ'లోకి ఎక్కించి, వెరిఫై చేసి సిద్ధంగా ఉంచండి. వెళ్లేటప్పుడు అతను 'ఖ' పట్టుకెళ్తాడు. వచ్చిన 'గ'ను తనిఖీ చేసి, కొత్తవి చేర్చి, పొడి డబ్బాలో పెడతారు. పండగ మూడు రోజులూ మూడు డిస్కులూ ఒకే ఇంట్లో ఉంటాయన్నది నిజమే, జనవరి తుఫాన్ల కాలం కాదు, పాటలు క్లౌడ్‌లోనూ ఉంటాయి. బ్లూరే రెండో సెట్టు కూడా అతని దగ్గరే ఉండనివ్వండి. రైల్లో తీసుకెళ్లేటప్పుడు బట్టల మధ్య మెత్తగా చుట్టి, పై బెర్తు మీద కాకుండా కింద పెట్టాలి. స్టేషన్లో ఎక్స్‌రే మెషీన్‌లోంచి పోయినా చెరిగిపోదు. ఏసీ బోగీలోంచి దిగిన వెంటనే తగిలించకండి, చల్లటి లోహం మీద మన తేమ గాలికి నీరు పడుతుంది. సంచిలోనే రెండు గంటలు ఉంచి అప్పుడు తీయండి.

రెండో తనిఖీ వినాయక చవితికి, అంటే తుఫాన్ల కాలం మొదలయ్యే ముందు. ఇంట్లో ఉన్న రెండు డిస్కులూ తగిలించి అంకెలు చూసి, చెక్‌సమ్ జాబితాతో మొత్తం పోల్చమని పెట్టి మీ పని చూసుకోండి. ఒక్కో డిస్కుకు నాలుగైదు గంటలు పడుతుంది. ఊరికే తగిలించి రెండు పాటలు వింటే తనిఖీ అవదు, మిగతా 800 జీబీ ఎలా ఉందో అది చెప్పదు. ఏళ్ల తరబడి కదపకుండా పడి ఉన్న హార్డ్ డిస్కు తిరగడానికి మొరాయించే అవకాశం ఉంది, ఈ తనిఖీతో దానికి కదలిక కూడా దొరుకుతుంది. ఐదేళ్లు నిండిన డిస్కు బాగున్నా సరే మార్చేయండి. మూడూ ఒకే ఏడు మార్చకుండా మూడో ఏడు నుంచే ఏడాదికొకటి చొప్పున మారిస్తే ఖర్చూ ఒక్కసారి పడదు, డిస్కుల వయసులూ వేరువేరుగా ఉంటాయి.

పొడి డబ్బా గురించి కొంచెం వివరంగా చెప్పాలి, మన తీరంలో డిస్కులకు అసలు శత్రువు తేమే. వానాకాలంలో గాలిలో తేమ 80 శాతం దాటడం మనకు మామూలు. 65, 70 దాటితే బూజు పడుతుంది, దానికి ఉప్పు గాలి తోడైతే యూఎస్‌బీ సాకెట్ల పిన్నులు నల్లబడతాయి. రబ్బరు వాషరుతో, నాలుగు వైపులా క్లిప్పులతో గట్టిగా మూసుకునే పది లీటర్ల ప్లాస్టిక్ డబ్బా కొనండి. అందులో వంద గ్రాముల సిలికా జెల్ పొట్లాలు రెండు, గాలిలో తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు ఒకటి వేయండి. మీటరు 35 నుంచి 50 మధ్య చూపించాలి. సిలికా జెల్‌లో నారింజ రంగుది తీసుకోండి, నీలం రంగు దానిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, పిల్లలు తిరిగే ఇంట్లో వద్దు. నారింజ పోయి ఆకుపచ్చకు తిరిగిందంటే దాని పనైపోయినట్టే. ఓవెన్ ఉంటే 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది, లేదంటే కొత్తది వేయండి, ఎండలో పెడితే సరిగా ఆరదు. బియ్యం పోసి అందులో పెట్టమని చెబుతారు. బియ్యానికి తేమ పీల్చే శక్తి తక్కువ, తవుడూ పురుగూ మాత్రం దండిగా వస్తాయి. బట్టల బీరువాలో కలరా ఉండల పక్కన డిస్కులు పెట్టకండి, ఆ ఆవిరి కొన్ని ప్లాస్టిక్కులను చెడగొడుతుంది. డబ్బాను శ్లాబు కింది అటక మీద పెడితే వేడి, నేల మీద పెడితే వరద నీరు, చెద. నడుము ఎత్తున, లోపలి గోడకు ఉన్న అలమర మంచిది. బ్లూరే డిస్కులను గట్టి పెట్టెల్లో నిలువుగా నిలబెట్టండి, పౌచుల్లో కుక్కొద్దు.

ఇంత చేసినా రెండు విషయాలు మీరు అడగలేదు గానీ, డిస్కుల కంటే ముందు అవే మిమ్మల్ని దెబ్బతీస్తాయి.

మొదటిది ఎంపీ3. క్యాసెట్లు ఇంకా పాడుతుంటే, ఒక్కోటి గంట అనుకుంటే, ఆ 140 గంటలూ మళ్లీ ఎక్కించుకోవాలి. ఎంపీ3 చేసేటప్పుడు చెవికి అంతగా తెలియదనుకున్న ధ్వనిని తీసి పారేస్తారు. జముకు మోత, గజ్జెల చప్పుడు లాంటివి మొదట దెబ్బతినేది అక్కడే, పారేసింది ఏ ప్రోగ్రామూ తిరిగి తేలేదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా తీయించండి. గంటకు ఒక జీబీ పైన కొంచెం అవుతుంది, అంటే మొత్తం 145 జీబీ. బ్లూరేలో, క్లౌడ్‌లో పెట్టేటప్పుడు ఫ్లాక్‌లోకి మార్చితే ఏమీ పోకుండా ఇంచుమించు 80, 90 జీబీకి తగ్గుతుంది. ప్రతులు, ఏరిన ఫొటోలు కలిపినా 100 జీబీ దాటదు, సెట్టుకు ఐదు డిస్కులు చాలు. ఫ్లాక్ ఫైలులోనే దాని ధ్వని తాలూకు చెక్‌సమ్ కూడా ఉంటుంది. మళ్లీ ఎక్కించేవాళ్లకు ఒక మాట చెప్పండి: ప్రతి క్యాసెట్‌కూ డెక్కు హెడ్డు పక్కనున్న చిన్న మరను అటూ ఇటూ తిప్పి, గజ్జెల చప్పుడు ఎక్కడ స్పష్టంగా వస్తే అక్కడ ఆపాలి. పాత టేప్‌రికార్డర్ల హెడ్డు వంపు ఒక్కోదానిది ఒక్కోలా ఉంటుంది, ఇది చేయకపోతే పాట దుప్పటి కింద నుంచి వస్తున్నట్టుంటుంది. బూజు పట్టిన క్యాసెట్‌ను శుభ్రం చేయకుండా డెక్కులో వేయొద్దు, దాని వెనక వేసే ప్రతి క్యాసెట్‌కూ అంటుకుంటుంది. వీడియోలు గంటకు 13 జీబీ ఉన్నాయంటే టేపులో ఉన్నది ఉన్నట్టే వచ్చింది. చోటు కలిసొస్తుందని వాటిని చిన్న ఎంపీ4లు చేసి అసలువి చెరపకండి. క్యాసెట్లు, టేపులు కూడా పారేయకండి.

రెండోది అను ఫాంట్లు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత లేదు. అను ఫాంట్లలో తెలుగు అక్షరం లోపల ఇంగ్లిషు గుర్తుగా దాగి ఉంటుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు భేషుగ్గా తెరుచుకుంటుంది, లోపల మాత్రం అర్థం లేని గుర్తుల వరస కనిపిస్తుంది. చెక్‌సమ్ సరిపోతుంది, డిస్కు బాగుంటుంది, పాట మాత్రం చదవలేరు. మన జిల్లాల్లో డీటీపీ షాపుల్లో ఆ పాత సాఫ్ట్‌వేరు నడిచే కంప్యూటర్లు ఇంకా ఉన్నాయి, అవి ఉండగానే పని తెమల్చండి. ప్రతి ఫైలునూ ఫాంటు లోపలే పొదిగిన పీడీఎఫ్‌గా ఒకటి, అక్షరాలను ఇప్పటి కంప్యూటర్లన్నీ చదివే యూనికోడ్‌లోకి మార్చిన సాదా టెక్స్ట్‌గా ఇంకొకటి తీయించండి. మార్చే కన్వర్టర్లు ఒత్తుల దగ్గర, అరసున్నల దగ్గర తప్పుతాయి. పీడీఎఫ్ పక్కన పెట్టుకుని ఒక్కసారి ప్రూఫు చూడాలి, ఆ పని మాస్టారి కంటే బాగా ఎవరు చేస్తారు? శ్రీకాకుళం మాటలను 'సరిదిద్దే' ఉత్సాహం కుర్రాళ్లకు ఉంటుంది, జాగ్రత్త.

ఫైలు పేర్లు తేదీతో మొదలుపెట్టి, 1998-03-14 పద్ధతిలో, ఊరు, కళారూపం, క్యాసెట్ నంబరు పొట్టిగా వేయండి. పాడినవాళ్ల పేర్లు, సందర్భం, ఎవరి ఇంటి ముందు పాడారు వంటి వివరాలన్నీ ఒక పట్టికలో యూనికోడ్ తెలుగులో రాసి అన్ని నకళ్లలోనూ పెట్టండి. పాస్‌వర్డుతో డిస్కుకు తాళం వేయొద్దు, తాళం పోతే అన్నీ పోతాయి. ఆధార్, భూమి కాగితాల స్కానింగులు ఇదే డిస్కులో ఉంటే వాటిని వేరే చోటికి మార్చండి. ఏ డిస్కు ఎక్కడుంది, ఏ నెలలో ఏం చేయాలి, క్లౌడ్ ఖాతా ఎవరి పేరున ఉందన్నది ఒక కాగితం మీద రాసి డబ్బా మూత లోపల ఒకటి, మీ అబ్బాయి దగ్గర ఒకటి ఉంచండి.

పాడినవాళ్లో, వాళ్ల ఇంటివాళ్లో ఒప్పుకుంటే ఆ పాటలను ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో కూడా పెట్టవచ్చు, రుసుము లేదు. ఒప్పుకున్న సంగతి కాగితం మీద సంతకంతో తీసుకుని దాన్నీ స్కాన్ చేసి ఆ పాట ఫోల్డరులోనే ఉంచండి. కొన్ని పాటలు కొలుపుల్లో తప్ప పాడరు, బయట వినిపించడం ఇష్టముండదు. అలాంటివి మీ డిస్కులకే పరిమితం.